అవ్వయు బాతుల వేటయు

ఈ మాసమున వంటను గూర్చి గాని, బిడ్డల పోషణను గూర్చి గాని వ్రాయబోను. మొన్న అటక దులుపుచుండగా పాతగుడ్డల మూటలోనుండి యొక ప్లాస్టిక్ తుపాకి బయటపడినది. దానిని చేతబట్టుకొని యెంతసేపు కూర్చుంటినో తెలియదు. పొయ్యిమీది పాలన్నియు పొంగిపోయినవి.

1995 వ సంవత్సరపు వేసవిలో మా నాయన తిరుపతినుండి చిత్తూరులోని మా యింటికి వీడియో గేము పెట్టె యొకటి కొనితెచ్చెను. జపానుదేశపు నింటెండోవారు 1983 లో ఫామికామ్ అను యంత్రమును విడుదల చేసిరి. దానికి అనుకరణలైన పెట్టెలే ఆ కాలమున మన యంగళ్లలో దొరకెడివి. ఆ నింటెండోవారు 1889 లో క్యోటో నగరమున పూలబొమ్మల పేకముక్కలు చేయుచు వర్తకము మొదలిడినవారు! మా పెట్టెతో వచ్చిన పసుపుపచ్చని కాసెట్టుమీద వేలకొలది యాటలున్నవని అచ్చువేసి యుండెను. లెక్కింపగా పట్టుమని యిరువది లేవు. తక్కినవన్నియు అవియే పేరు మార్చుకొని వచ్చినవి.

వానిలో మా యన్నకు ప్రాణమైనది డక్ హంట్ అను బాతుల వేట. అది 1984 నాటిది. కుక్క యొకటి వాసన చూచుకొనుచు వచ్చి, గడ్డిలోనికి దుమికి, బాతును లేపును. మూడు గుండ్లలో దానిని కొట్టవలెను. కొట్టినచో కుక్క యా బాతును మెడబట్టి పైకెత్తి చూపును. తప్పినచో నోటికి కాలడ్డము పెట్టుకొని కిసకిస నవ్వును. ఆ నవ్వునకు మండిపడి కుక్కనే కాల్చనివారు మా వీధిలో లేరు. దానికేమియు కాదు!

మా అవ్వకీ యాట సరిపడలేదు. కట్టమంచి చెరువుకట్టమీద పెరిగిన మనిషి. ఆమెకు గాజుమీది బాతైనను బాతే. "నోరులేని జీవాన్ని యాల కొడతావురా?" అని గదమాయించెడిది. అన్న వినునా? ఒకనాడామె ప్రక్కన పడియున్న చేతిమీటను ఒడిలోనికి తీసికొని యేమో నొక్కెను. క్రిందికి వచ్చుచున్న బాతు జివ్వున పైకి లేచెను. మరల నొక్కగా ప్రక్కకు తిరిగెను. ఒంటిబాతు ఆటలో రెండవవారు మీటతో బాతును నడపవచ్చునని అంతవరకు మాలో నెవ్వరికిని తెలియదు.

ఇక ప్రతి మధ్యాహ్నమును యుద్ధమే. అన్న చేత తుపాకి, అవ్వ చేత మీట. కండ్లజోడు సవరించుకొని, వక్కాకు నములుచు, ఆమె యా బాతును చుట్టలు చుట్టించుచుండగా కుక్క నవ్వెడిది, మేము నవ్వెడివారము. అన్న యేడ్చి నాయనతో చాడీ చెప్పెను.

"పిల్లోడి ఆట యాల చెడగొడతావమ్మా?" అని నాయన యడిగెను.

"వాడిది ఆట, నాది ఆట కాదా నాయనా?" అని అవ్వ.

ఆ తుపాకినుండి యేమియు వెలువడదని నేను పెద్దయైన పిమ్మట తెలిసికొంటిని. మీట నొక్కగనే తెర క్షణకాలము నల్లబడి, బాతున్న చోట తెల్లని చతురస్రము మెరయును. తుపాకి గొట్టములోని కన్ను ఆ వెలుగును చూచెనా, బాతు పడినట్లు. గుండు తెరకు పోవుటకాదు, వెలుగే తుపాకిలోనికి వచ్చుట!

అవ్వ 2003 లో పోయినది. మొన్న దొరకిన తుపాకిని, పెట్టెను తిరుపతిలోని మా యన్న యింటికి తీసికొనిపోయి, పలుచని క్రొత్త టెలివిజనుకు తగిలించితిమి. అన్న కూతురు ఎన్నిమారులు కాల్చినను ఒక్క బాతును పడలేదు. క్రొత్త తెరలు బొమ్మను కొన్ని మిల్లీసెకండు లాలస్యముగా చూపును. తుపాకి కన్ను వేచియుండదు. పాత గాజుగొట్టపు టెలివిజనుతోనే దానికి పొత్తు. మా మిద్దెమీది పాతదానిని పాతసామానులవానికి వేయవలదని యింటివారికి గట్టిగా చెప్పితిని.

కుక్క నవ్వుచునే యున్నది. "అవ్వే గెలిచిందిలే" అని అన్న తల తిప్పుకొనెను.

పాప తుపాకి క్రింద పెట్టి, "అత్తా, బాతును నేను ఎగరేస్తా, ఆ మీట ఇయ్యి" అనెను.