50 పౌన్ల బొమ్మ

పిల్లలూ, గ్రామఫోన్ రికార్డు నడుమ అంటించే గుండ్రని కాగితం ఎంత ఉంటుందో తెలుసా? పెద్ద రికార్డుకైనా సుమారు 4 అంగుళాలే! అంత చిన్న చోటులో కూడా, చూడగానే గుర్తుపట్టే బొమ్మ వేయాలి. ఒక విద్యార్థి అలాంటి బొమ్మ వేశాడు.

1970లో జాన్ పాష్ లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుతూ ఉండేవాడు. రోలింగ్ స్టోన్స్ అనే సంగీత బృందం తమ కచేరీల పోస్టరు కోసం మంచి విద్యార్థిని చూపమని ఆ కాలేజీని అడిగింది. పాష్ వేసిన మొదటి పోస్టరు గాయకుడు మిక్ జాగర్‌కు నచ్చలేదు. పాష్ మళ్ళీ వేశాడు, ఈసారి నచ్చింది.

తరవాత జాగర్ అతనికి ఒక పటం చూపి, బృందానికి గుర్తు ఒకటి గీయమన్నాడు. అది ఎవరి పటమనుకున్నారు? మన కాళికాదేవిది! పాష్ ఆ పటాన్ని చూసి అలాగే దించలేదు. తక్కినవన్నీ వదిలేసి, ఎర్రని పెదవులూ, చాచిన నాలుకా మాత్రం గీశాడు. మాట వినని పిల్లలు నాలుక వెళ్ళబెట్టినట్టు ఉంటుందది. (మీరు మాత్రం ఇంట్లో అలా చేయకండి!)

1971లో 'స్టికీ ఫింగర్స్' రికార్డుతో ఆ గుర్తు లోకానికంతకూ తెలిసింది. దానికి పాష్‌కు మొదట ముట్టినది 50 పౌన్లే. 2008లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ అసలు బొమ్మను 92,500 డాలర్లకు కొన్నది!

మీరూ రూపాయి బిళ్ళంత గుండ్రని గీత గీసి, అందులో మీ ఊరి గుర్తు ఒకటి వేసి చూడండి. ఏవి వదిలేయాలో అప్పుడు తెలుస్తుంది.