స్టెంటుకు లక్షలు, నెత్తురుకు లెక్కే లేదు!



"గుండె ఆపరేషన్ కూడా కార్డు మీద చేయిస్తున్నం గదా, ఇంకేం కావాలె మీకు?" అని పాలకులు మనల్ని అడుగుతున్నరు. దీనికి జవాబు చెప్పాల్సిందే. ఊరూరా, వాడవాడనా చెప్పాలె.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. పూడుకుపోయిన గుండె రక్తనాళంలోకి బెలూన్ పంపి తెరిచి, జాలీ గొట్టం లాంటి స్టెంటు పెట్టే వైద్యం కూడా ఇందులో ఉంది. దీన్ని మేం తప్పుపట్టడం లేదు. కూలోని గుండె కూడా గుండేనని ఒప్పుకోవడానికి ఈ రాజ్యానికి అరవై ఏండ్లు పట్టింది. వచ్చిన హక్కును వదులుకునేది లేదు.

కానీ ఒక్క మాట అడుగుతున్నం. పూడిక తీసిన కాలువల పారనీకి చెరువుల నీళ్ళుండాలె గదా? స్టెంటు పెట్టి దారి తెరిచిండ్రు, బాగుంది. ఆ దారిలో పారాల్సిన నెత్తురు మా ఒంట్లో ఉన్నదా లేదా అని ఎవరన్నా చూసిండ్రా?

రక్తం తక్కువైతే గుండెకేమైతది?

నెత్తురులో ఆక్సిజన్‌ను మోసే కూలీ పేరు హిమోగ్లోబిన్. నూరు మిల్లీలీటర్ల నెత్తురులో మగవాళ్ళకు 13 గ్రాములు, ఆడవాళ్ళకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒంట్లోని మిగతా భాగాలు తమకొచ్చిన ఆక్సిజన్‌లో కొంత వాడుకుని మిగిలింది వదిలేస్తయి. గుండె కండరం అట్ల కాదు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా వచ్చినదాంట్లో ముప్పాతిక వంతు దాకా పీల్చుకుంటది. దానికి మిగులు లేదు, రేపటికి దాచుకున్నది లేదు. రెక్కాడితే గాని డొక్కాడని మన బతుకే దాని బతుకు. హిమోగ్లోబిన్ 8కో 9కో పడిపోతే గుండె మరింత వేగంగా కొట్టుకోవాలె. వేగంగా కొట్టుకుంటే దానికే ఇంకింత ఆక్సిజన్ కావాలె. నాళం పూడినోళ్ళకు ఇది రెండు దిక్కుల నుంచి కొట్టే దెబ్బ.

ఇంకో చిక్కు స్టెంటు పెట్టిన తెల్లారి నుంచి మొదలైతది. స్టెంటులో నెత్తురు గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రెండు గోలీలు నెలల తరబడి మింగాలె. ఆ గోలీలతోటి కడుపులో పుండున్నోళ్ళకు, పేగులో దెబ్బ ఉన్నోళ్ళకు నెత్తురు కారే ప్రమాదం పెరుగుతది. నిండుగ నెత్తురున్నోడు కొంత పోయినా తట్టుకుంటడు. అసలే లేనోడు ఏం తట్టుకుంటడు? నెత్తురు పోతుందని గోలీలు ఆపితే స్టెంటులో గడ్డకట్టి మళ్ళీ గుండెపోటు, ఆపకపోతే నెత్తురు పోవుడు. స్టెంటు తర్వాత నెత్తురు కారే ముప్పు ఎవరికెక్కువో గుర్తుపట్టడానికి 2019లో అంతర్జాతీయ గుండె వైద్యులు ఒక పట్టిక తయారు చేసిండ్రు. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుండడం అందులో పెద్ద ప్రమాద సూచనల్లో ఒకటి.

2004లో అచ్చయిన ఒక పరిశోధన చూడండి. గుండెపోటుతో వచ్చి ఈ వైద్యం చేయించుకున్న రెండు వేల మందిని పలు దేశాల ఆసుపత్రుల్లో గమనించిండ్రు. రక్తం సరిపడా ఉన్నోళ్ళలో ఆసుపత్రిలోనే చనిపోయింది నూటికి 1.1 మంది. రక్తహీనత ఉన్నోళ్ళలో 4.6 మంది. ఏడాది తిరిగేసరికి అక్కడ 3.5, ఇక్కడ 9.4. "రక్తం తక్కువున్నోళ్ళు ముసలోళ్ళయి ఉంటరు, వేరే జబ్బులుంటయి, అందుకే చచ్చిపోయిండ్రు" అనొచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ వయసునూ మిగతా జబ్బులనూ లెక్కలోంచి తీసేసి చూసినా తేడా పోలేదు. ఒకే రకం వైద్యం, ఫలితం మాత్రం ఒకటి కాదు.

మన నెత్తురును లెక్కపెట్టేదెవరు?

ఆ పరిశోధనలో ఎనిమిది మందిలో ఒక్కరికి రక్తహీనత ఉంది. మన వాడల్లో, గూడేల్లో ఎందరికుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏండ్ల ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. దళిత స్త్రీలలో 59.2, ఆదివాసీ స్త్రీలలో 64.6. తెలంగాణలో ఐదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 70. కులం మెట్లు నెత్తురులో కూడా కనబడుతున్నయి!

మరి యాభై దాటిన మన తల్లులది? యాభై ఐదేండ్ల పత్తి కూలీది, హమాలీది? ఆ సర్వేలో వాళ్ళు లేరు. 2018లో కేంద్రం మొదలుపెట్టిన 'అనీమియా ముక్త్ భారత్' చూడండి. అందులో ఆరు గుంపులున్నయి: పసిపిల్లలు, బడి పిల్లలు, కౌమార పిల్లలు, పిల్లలు కనే వయసు స్త్రీలు, గర్భిణులు, బాలింతలు. కనే వయసు దాటిన ఆడది అందులో లేదు. ఇరవై దాటిన మగోడు అసలే లేడు. 2022 డిసెంబర్‌లో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సహా తొమ్మిది జిల్లాల్లో మొదలుపెట్టిన న్యూట్రిషన్ కిట్లు కూడా గర్భిణులకే. గర్భిణికి ఇయ్యాల్సిందే, ఇంకా ఎక్కువ ఇయ్యాలె. కానీ గుండె నాళాలు పూడే వయసుకు వచ్చేసరికి మన నెత్తురు సర్కారు రిజిస్టర్ల నుంచి మాయమైతున్నది.

మేం బడిపంతుళ్ళం. పొద్దున ప్రార్థనకు నిలబడి కండ్లు తిరిగి పడే ఆడపిల్లలను చూస్తున్నం. ఆ పిల్లకు వారానికో ఐరన్ గోలీ మింగించమని మాకు సర్క్యులర్ ఉంది. అదే పిల్ల నాయిన పత్తిచేన్ల ఆయాసపడి కూలబడితే ఏ గోలీ లేదు, ఏ సర్క్యులర్ లేదు. ఆయన గుండె పట్టుకుని పడ్డనాడు మాత్రం 108 వస్తది. ఉట్నూర్ నుంచి హైదరాబాద్ 250 కిలోమీటర్ల పైమాటే.

ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న తుపాకులు పేల్చి పారించిన గోండుల నెత్తురుకే ఈ రాజ్యం సరైన లెక్క చెప్పలేదు. పదమూడు మందే అన్నది. ఒంట్లో మెల్లమెల్లగా ఇంకిపోయే నెత్తురుకు అడగకుండా లెక్క చెప్తదా?

సికిల్ సెల్ సంగతి చూడండి. మన జిల్లా గోండులు, కొలాముల్లో ఉంది. పక్కనున్న విదర్భ మహార్లలోనూ ఉంది. అంటే ఆదివాసీలకూ మనకూ కలిసిన జబ్బు. 2023 జూలై 1న ప్రధాని దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టిండు. మంచిదే. కానీ ఆ పరీక్షలు ఆదివాసీ ప్రాంతాల్లో, నలభై ఏండ్ల లోపువాళ్ళకు. మళ్ళీ అదే గీత! నలభై దాటినోడు ఏ పద్దులోనూ లేడు.

మన తిండి మీద ఏడ్చేటోళ్ళకు

"మీ తిండి అలవాట్లు సరిగ లేవు, ఆకుకూరలు తినండి" అని మనకు సుద్దులు చెప్తరు. మాంసంలోని ఇనుము ఒంటికి తొందరగా పడుతదని, ఆకుకూరల ఇనుము అంతగా పట్టదని వైద్య పుస్తకాలే అంటున్నయి. పెద్దకూర తిన్నమని ఊరవతల ఉంచిండ్రు. ఇప్పుడు దాన్ని తిననీయకుండ చేసి, నెత్తురు లేదని మళ్ళీ మనల్నే తిడుతున్నరు. గుండె జబ్బున్నోళ్ళు కొవ్వు తగ్గించుకోవాలె, అది వేరే మాట. పప్పు, గుడ్డు, చేప, కాలేయం కొనే కూలి రేటు ఏది? అది చెప్పకుండ సుద్దులెందుకు?

ఉట్నూర్‌లోనే ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నది. 2025 మార్చిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఆదిలాబాద్ అక్కచెల్లెళ్ళ ఇప్పపువ్వు వంటకాలను మెచ్చుకున్నడు. మెచ్చుకోలుతోటి నెత్తురు పట్టదు. ఆ చేతులకు పని, గిట్టుబాటు ధర, ప్రతి హాస్టల్‌కు సరుకు కావాలె.

"రక్తం ఎక్కిస్తే అయిపాయె" అనేటోళ్ళూ ఉన్నరు. గుండెపోటు, రక్తహీనత రెండూ ఉన్న 3,500 మంది మీద చేసిన పరిశోధన 2023లో వచ్చింది. హిమోగ్లోబిన్ 10కి తగ్గకుండా రక్తం ఎక్కించినోళ్ళలో నెల రోజుల్లో చనిపోయినోళ్ళు, మళ్ళీ గుండెపోటు వచ్చినోళ్ళు కలిపి నూటికి 14.5 మంది. 7, 8కి పడేదాకా ఆగినోళ్ళలో 16.9. ఎక్కించుడే మేలని మొగ్గు కనబడ్డది గాని గట్టిగ రుజువు కాలేదు. ఎప్పుడు ఎంత ఎక్కించాలో డాక్టర్లే ఇంకా తర్కిస్తున్నరు. పైగా నెత్తురు ఎందుకు తగ్గిందో చూడకుండ సంచి తగిలిస్తే ఏం లాభం? కొంకిపురుగులా, మలేరియానా, కిడ్నీ జబ్బా, నొప్పుల గోలీలతోటి కడుపులో పడ్డ పుండా, సికిల్ సెల్లా? పెద్ద వయసులో రక్తం తగ్గితే లోపల క్యాన్సర్ కూడా దాగి ఉండొచ్చు.

అడిగితేనే దొరుకుతది

స్టెంట్ల ధర లక్ష దాటి గుంజుతున్న రోజుల్లో బీరేందర్ సంగ్వాన్ అనే న్యాయవాది ఢిల్లీ హైకోర్టుకు పోయిండు. 2017 ఫిబ్రవరిలో ధరల నియంత్రణ సంస్థ మందు పూత స్టెంటుకు 29,600, మామూలు స్టెంటుకు 7,260 రూపాయలని కట్టడి చేసింది. అడిగితే తీగ ధర దిగివచ్చింది. అడిగితే నెత్తురు లెక్క కూడా వస్తది.

మా డిమాండ్లు ఇవి:

1. ముప్పై దాటినోళ్ళకు ఊళ్ళో బీపీ, సుగర్ చూస్తున్నరు. దాంతోపాటు హిమోగ్లోబిన్ కూడా చూడాలె. గర్భిణుల కోసం ఏఎన్‌ఎంల దగ్గర ఉండే మిషన్‌తోనే అయితది.

2. స్టెంటు పెట్టేముందు హిమోగ్లోబిన్ ఎంతుందో రోగికి, ఇంటోళ్ళకు తెలుగులో, గోండిలో చెప్పాలె. తక్కువుంటే కారణం వెతకాలె.

3. స్టెంటు తర్వాత గోలీలు, రక్త పరీక్ష మండల ఆసుపత్రిలోనే ఉచితంగా దొరకాలె.

4. సికిల్ సెల్ పరీక్షకు వయసు గీత, కులం గీత తీసేయాలె.

సంఘం కార్యకర్తలకు ఒక మాట. మన వాడల ఎవరికి గుండె ఆపరేషన్ అన్నా మొదట "హిమోగ్లోబిన్ ఎంత?" అని అడగండి. ఆ అంకె కేసు కాగితంలో ఉంటది, రాసుకోండి. గుండెపోటు వచ్చిన గంటల్లో మాత్రం రక్తం తక్కువుందని వైద్యం ఆపొద్దు, ముందు ఆసుపత్రికి తీస్కపోండి. స్టెంటు గోలీలు సొంతంగా ఆపనీయకండి. దొడ్డికి నల్లగ తారు లెక్క వస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. ఒళ్ళు నొప్పులకని ఆర్‌ఎంపీ దగ్గర దొరికిన గోలీలు మింగనీయకండి. పరీక్ష లేకుండ రక్తం పట్టే సూదులు ఏయించుకోనీయకండి.

ఈ అంకెలు ఊరి వారీగ రాసి గ్రామసభలో చదవండి. ఉట్నూర్ ఐటీడీఏ ప్రజావాణిలో పెట్టండి. వాళ్ళు తియ్యని లెక్క మనమే తీద్దాం, దాన్ని వాళ్ళ టేబుల్ మీద పెడదాం.

జై భీమ్!