తల్లి ఉండగా అనాథ ఎలా అవుతాడు?

మొన్న మా షోలాపురంలో మనవాళ్ళే ముగ్గురు పెద్దలు రసీదు పుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. తండ్రి లేని తెలుగు పిల్లల కోసం అనాథాశ్రమం కడతారట. స్థలం దొరికింది, శంకుస్థాపనకు ముహూర్తం కూడా చూశారు. నేను చందా ఇవ్వలేదు. పేటలో ఇప్పుడు నాకు పిసినారి అన్న పేరు వచ్చింది. వస్తే వచ్చింది గాని, ఎందుకివ్వలేదో చెప్పుకోవడానికి నాకు ఈ పత్రిక తప్ప వేరే దిక్కు లేదు.

చేర్చుకోబోయే పిల్లల జాబితా చూపించారు. 23 మంది. ఒక్కరికి కూడా తల్లి లేకుండా పోలేదు. బీడీలు చుట్టే తల్లులు, చాదర్ల కార్ఖానాల్లో కండెలు చుట్టే తల్లులు. తల్లి బతికుండగా బిడ్డను అనాథ అనడానికి మనకు నోరెలా వచ్చింది? మగవాడు పోతే ఇల్లే లేనట్టు లెక్కా?

నేనూ అలాంటి అనాథనే. నాన్న పోయేనాటికి నాకు ఐదేళ్ళు, చెల్లి చంకలో పిల్ల. అమ్మ బీడీల కూలి ముగ్గురికీ చాలదని నన్ను పొరుగు జిల్లాలో ఒక ఆశ్రమంలో వేశారు. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళని అనను. అన్నం పెట్టారు, అక్షరాలు నేర్పారు. ఐదేళ్ళ తర్వాత ఇంటికొస్తే, అమ్మ అడిగినదానికి నేను మరాఠీలో జవాబు చెప్పాను. ఆమెకు బజారు మరాఠీ వచ్చు గాని కొడుకుతో మాట్లాడేటంత రాదు. చెల్లి మధ్యలో కూర్చుని నా మాట ఆమెకూ, ఆమె మాట నాకూ చెప్పింది. నా తిండికని సర్కారు ఆశ్రమానికి గ్రాంటు ఇచ్చేది. అందులో సగం అమ్మ చేతిలో పెట్టి ఉంటే నేను ఇల్లు కదిలేవాణ్ణి కాదు.

ఇది నా ఒక్కడి తిక్క అనుకోకండి. అమెరికాలో 1854 నుంచి 1929 దాకా న్యూయార్కు వంటి నగరాల నుంచి సుమారు రెండు లక్షల మంది పిల్లల్ని రైళ్ళెక్కించి పడమటి పల్లెలకు పంపేశారు. వాటికి అనాథల రైళ్ళని పేరు. ఎక్కినవారిలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. చివరికి 1909 జనవరిలో ప్రెసిడెంటు థియొడోర్ రూజ్వెల్టు వాషింగ్టనులో ఒక సభ పిలిచాడు. పిలవమని అడిగిన జేమ్స్ వెస్ట్ అనాథాశ్రమంలో పెరిగినవాడే, అది గమనించాలి. కేవలం పేదరికం వల్ల బిడ్డను తల్లి నుంచి విడదీయరాదని ఆ సభ తేల్చింది. 1911లో ఇల్లినాయి రాష్ట్రం ఆశ్రమానికి కాక తల్లికే డబ్బిచ్చే చట్టం చేసింది. పదేళ్ళలో సుమారు నలభై రాష్ట్రాలు ఆ దారి పట్టాయి.

అయితే అక్కడా తిరకాసు పెట్టారు. ఇల్లు యోగ్యమైనదా, తల్లి నడత బాగుందా అని అధికారులు గడప తొక్కి చూసేవారు. ఇల్లినాయిలోనే 1913లో పౌరసత్వం లేని తల్లులకు సాయం లేదన్నారు. లాస్ ఏంజిలిస్‌లో మెక్సికో వితంతువులకు నెలనెలా డబ్బు వాడుకోవడం తెలియదని సాకు చెప్పి మొండిచెయ్యి చూపారు. 1931 లెక్కల్లో సాయం అందినవారిలో నూటికి 96 మంది తెల్లవారు! 1935లో కేంద్ర చట్టం వచ్చాక కూడా మొదటి బిడ్డకు 18 డాలర్లు, తర్వాతి బిడ్డకు 12 డాలర్ల పరిమితి మీద లెక్క కట్టారు గాని, తల్లి కడుపును 1950 దాకా లెక్కలోకి తీసుకోలేదు. ఊరి భాష ఇంట్లో మాట్లాడని మనలాంటివాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవాలి.

మన దేశం సంగతి? 2009లో కేంద్రం పెట్టిన వితంతు పింఛను నలభై ఏళ్ళు నిండితేగాని రాదు. 2012 నుంచి కేంద్రం వాటా నెలకు 300 రూపాయలే. ఇరవై ఎనిమిదో ఏట భర్త పోయిన పిల్ల పన్నెండేళ్ళు ఆగాలన్నమాట. ఈలోగా పిల్లలు ఆశ్రమంలో పెద్దవాళ్ళయిపోతారు. మహారాష్ట్రలో 1980లో మొదలైన సంజయ్ గాంధీ నిరాధార పథకం కొంత నయం. 2023లో దాన్ని 1,500 చేశారు. 2022లో వచ్చిన మిషన్ వాత్సల్య కింద ఇంట్లోనే ఉండే బిడ్డకు నెలకు 4,000 దాకా ఇవ్వవచ్చు. బిడ్డను సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమని 2015 నాటి బాలల చట్టమే చెబుతోంది. మనవాళ్ళు మాత్రం ఆఖరి మార్గానికే ముహూర్తం పెట్టారు.

ఆడదాని చేతికి డబ్బిస్తే మరిది లాక్కుంటాడని ఒక పెద్దమనిషి అన్నాడు. లాక్కునే మరిదికి బుద్ధి చెప్పాలి గాని బిడ్డను ఊరు దాటించడమేమిటి? అసలు సంగతి వేరు. భవనం కడితే గోడకు పాలరాతి పలక పెట్టొచ్చు. తల్లి కొంగున కట్టిన నోటు మీద దాత పేరు చెక్కడం కుదరదు.

రసీదు పుస్తకం తిరిగి ఇచ్చేశాను గాని జాబితా నకలు రాసి ఉంచుకున్నాను. 23 మంది పిల్లలకు 14 మంది తల్లులు. పోయిన ఆదివారం నుంచి వాళ్ళ ఇళ్ళకు వెళ్తున్నాను. భర్త మరణ పత్రం, ఆదాయ పత్రం, తహసీలు కచేరీ అర్జీ, అన్నీ మరాఠీలో నింపాలి. ఆశ్రమం పుణ్యమా అని నాకు ఆ భాష బాగానే వచ్చు. ఇప్పటికి నాలుగు అర్జీలు పూర్తయ్యాయి. తక్కిన పదింటికి కలం పట్టగలిగినవాళ్ళు ఈ ఆదివారం పొద్దున మా ఇంటికి రండి.