సీటు చిరిగితే షాపుకేనా?



మన ఊళ్ళల్లో బస్సు రాని చోటికి కూడా మోటారు సైకిలు వస్తుంది. సంతకి అదే, ఆసుపత్రికి అదే. కానీ ఆ బండ్ల సీట్లు చూడండి. చాలావాటికి రెగ్జిన్ చిరిగి, స్పాంజి బయటికొచ్చి, పైన ఓ ప్లాస్టిక్ సంచి కట్టి ఉంటుంది. వాన పడితే స్పాంజి నీళ్ళు తాగేస్తుంది. తర్వాత ఎండ కాసినా తొందరగా ఆరదు. కూర్చున్నవాళ్ళ బట్టలు తడుస్తాయి. ఇనప అడుగున్న సీటైతే తుప్పు కూడా పడుతుంది.

దీన్ని ఇంటి దగ్గరే బాగు చేసుకోవచ్చని నా అభిప్రాయం. అంతేకాదు, ఆ పని మన బడిలోనే నేర్పాలని కూడా నా అభిప్రాయం.

పని పెద్దదేం కాదు. సీటు ఊడదీసి కవరు విప్పాలి. పాత బండ్లకు ఇనప అడుగు అంచున పళ్ళుంటాయి, రెగ్జిన్ వాటికి తగిలించి ఉంటుంది. కొత్తవాటికి ప్లాస్టిక్ అడుగు, స్టేపుల్ పిన్నులు. పాత కవరు పారెయ్యకూడదు. కుట్లు విప్పి పరిస్తే అదే మనకు కొలత. కుట్టుకి అంచు వదిలి కొత్త రెగ్జిన్ కత్తిరించి కుట్టాలి. స్పాంజి బాగా ఎండాక, గుంట పడ్డ చోట ముక్క అతికించి, మీద పలచని ప్లాస్టిక్ కాగితం పరచాలి. ఎందుకంటే రెగ్జిన్ కొత్తదైనా సూది బెజ్జాల్లోంచి నీళ్ళు దిగుతాయి. కవరుని కాసేపు ఎండలో పెడితే మెత్తబడి సాగుతుంది. మొదట ముందువైపు, తర్వాత వెనక, ఆఖరున రెండు పక్కలా సమంగా లాగి బిగించాలి. ఒకపక్కే లాగితే ముడతలు పడతాయి. ఇంట్లో నులక మంచం బిగించే చేతులకు ఈ లాగుడు కొత్తా?

కొందరంటారు: "చదువుకునేవాళ్ళకి ఈ పనెందుకు? కుట్టుపని చెయ్యడానికా హాస్టలుకొచ్చాం?" అని. 1937లోనే వార్ధాలో గాంధీజీ, చదువు చేతిపనితో ముడిపడి ఉండాలన్నారు. కొలత, వైశాల్యం బోర్డు మీద ఒకటి, రెగ్జిన్ మీద ఇంకొకటి కాదు గదా! అమ్మానాన్నల చేతిపనిని చిన్నచూపు చూడ్డం నేర్పే చదువు సగం చదువే.

షాపువాళ్ళ పొట్ట కొట్టమని కాదు. అడుగు తుప్పుపట్టి విరిగినా, స్పాంజి పొడైపోయినా వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. అయితే పని తెలిసినవాడే ఆ పనికి సరైన విలువ కడతాడు, మోసపోకుండా ఉంటాడు.

వార్డెన్ గారికి మనవి. ఒక ఆదివారం పూట ఒక పాత సీటు, ఒక మీటరు రెగ్జిన్, లావు సూది, నైలాన్ దారం ఇప్పించండి. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుడతాం. లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ చెయ్యమంటారు గదా సార్, ఇదీ అంతే.

— 9వ తరగతి విద్యార్థి