దొంగ తాళంచెవి ఆజాదీ కాదు



పోయిన రంజాన్‌కు ముందు ఇల్లు సర్దుతుంటే అబ్బాజాన్ ట్రంకు పెట్టెలో ఒక సీడీ దొరికింది. పైన ఆయన చేతిరాతతో "షజరా, 2004" అని ఉంది. మా ఖాందాన్ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ దాదా ఏ ఊళ్లో స్థిరపడ్డాడు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నదంతా ఆయన బంధువుల ఇళ్లు తిరిగి ఉర్దూలో రాసుకున్నారు. ఆ కాగితాలను ఇక్కడే, హుజూరాబాద్‌లో, ఒక డీటీపీ దుకాణంలో టైప్ చేయించారు. కాగితాలు చెదలు తినేశాయి. అబ్బాజాన్ ఇప్పుడు లేరు. మిగిలింది ఆ సీడీ ఒక్కటే.

దాన్ని పట్టుకుని బస్టాండ్ దగ్గర దుకాణానికి పోయాను. సీడీ నడిచింది, ఫైల్ కనిపించింది. తెరిస్తే మాత్రం తెర నిండా డబ్బాలు, ప్రశ్నార్థకాలు, ఇంగ్లీషు అక్షరాల కిచిడీ.

"భాయ్, ఫైల్ మంచిగనే ఉన్నది. గానీ గా సాఫ్ట్‌వేర్ ఇప్పటి కంప్యూటర్ల నడవది" అన్నాడు దుకాణపాయన. కాసేపు ఆలోచించి, "పాత వర్షన్ క్రాక్ ఎక్కడన్న దొరికితే చూద్దాం" అన్నాడు.

ఆయన తప్పు లేదు. నాకు సాయం చేయాలనే అన్నాడు. కానీ ఆ "క్రాక్" అన్న మాట ఇల్లు చేరేదాకా నా చెవిలోనే ఉంది. మా అబ్బా రాసిన మాటలు, మా సొంత ఖాందాన్ పేర్లు. వాటిని చదవడానికి నేను దొంగ తాళంచెవి వెతుక్కోవాలా? అసలు మా ఇంటికి వేరేవాడి తాళం ఎప్పుడు పడింది?

జరిగింది ఇది. అప్పట్లో ఒక్కో కంపెనీ తన ఫాంటుకు తన సొంత లెక్క పెట్టుకుంది. ఒక అక్షరానికి ఒకరు ఒక నంబరు ఇస్తే ఇంకొకరు ఇంకో నంబరు ఇచ్చారు. తెలుగులో అయితే చాలామంది ఇంగ్లీషు అక్షరాల జాగాలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు తీసేస్తే కింద మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు. పాత పెళ్లికార్డు ఫైలు ఇంకో దుకాణంలో తెరిచి చూసినవాళ్లందరికీ ఈ తమాషా తెలుసు. ఇట్లా కాకుండా ప్రపంచంలోని లిపులన్నింటికీ ఒకే ఉమ్మడి లెక్క ఉండాలని యూనికోడ్ వచ్చింది. 1991లో వచ్చిన దాని మొదటి వర్షన్‌లోనే తెలుగు ఉంది, ఉర్దూ రాసుకునే అరబీ లిపి కూడా ఉంది. అంటే అబ్బాజాన్ షజరా టైప్ చేయించేనాటికి దారి తెరిచి పదమూడేళ్లయింది. మన దుకాణాలు మాత్రం తాళం వేసిన గల్లీలోనే తిరుగుతున్నాయి.

హుజూరాబాద్ వాళ్లకు ఈ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. మన చుట్టూ పొలాల్లో కంపెనీల కోసం హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు. ఆడ వరుసలు, మగ వరుసలు వేసేది మన రైతు. పూతకాలంలో తాడు లాగి పుప్పొడి రాల్చేది మన కూలీ. కానీ ఆ తల్లిదండ్రుల విత్తనం కంపెనీది. పండిన హైబ్రిడ్ గింజను దాచి మళ్లీ చల్లితే అదే పంట రాదు, మళ్లీ కొనాల్సిందే. చెమట మనది, గింజ మీద హక్ మనది కాదు. తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌లో రాసిన రాత కూడా ఇంతే. మాట మనది, దాన్ని తిరిగి తెరిచే హక్ ఇంకొకరిది.

ఇప్పుడు చేదు మాట ఒకటి చెప్తాను. మన ఇళ్లల్లో, మన మదర్సాల్లో, మస్జిద్ కమిటీ ఆఫీసుల్లో ఉన్న కంప్యూటర్లలో పైసలిచ్చి కొన్న విండోస్ ఎన్నింటిలో ఉంది? కొన్న ఆఫీస్ ఎన్నింటిలో ఉంది? ఖసమ్ తిని చెప్పగలవాళ్లు చెప్పండి. హలాల్ గోష్త్ కోసం మూడు గల్లీలు అవతలికి పోయే మనం, ఎవరిదో మాల్ తాళం పగలగొట్టి వాడుకుంటూ దాని మీదే జుమా ఖుత్బా టైప్ చేస్తున్నాం. "అంత పెద్ద అమెరికా కంపెనీకి మన వల్ల నుక్సాన్ ఏముంది" అంటారు. అమీర్ ఇంట్లో దొంగతనం దొంగతనం కాదని ఏ కితాబులో ఉంది? 1988 డిసెంబర్‌లో కువైట్‌లో కూర్చున్న అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ తన 43వ తీర్మానంలో రచయిత హక్కులు, ఆవిష్కర్త హక్కులు షరియత్ రక్షణ ఉన్న హక్కులేనని, వాటి మీద చేయి వేయడం జాయిజ్ కాదని తేల్చింది. పైగా అన్నీ అమెరికా కంపెనీలవే కావు. 1980ల మొదట్లో నూరీ నస్తాలీఖ్ కోసం మీర్జా అహ్మద్ జమీల్ వేల పదభాగాలను చేత్తో రాశారు. అట్లాంటి మెహనత్‌ను ఊరికే ఎత్తుకుపోవడానికి మనసెట్లా ఒప్పుతుంది?

అయితే నా గొడవ దొంగతనం దగ్గరే ఆగదు. క్రాక్ వేసుకున్నవాడు తాను కంపెనీని మోసం చేశానని ఖుష్ అవుతాడు. మోసపోయింది వాడే. వాడి చేయి ఆ కంపెనీ కీబోర్డుకే అలవాటు పడింది, వాడి పిల్లలు అదే నేర్చారు, వాడి రాతలన్నీ ఆ తాళం కిందికే పోయాయి. దొంగ తాళంచెవి ఉన్నవాడు కూడా ఆ ఇంటి నౌకరే, యజమాని కాదు. గుణాహ్ కూడా మిగిలింది, గులామీ కూడా మిగిలింది.

మరి దారి ఏది? మదీనాలో రూమా బావి సంగతి మనందరం బయాన్లలో విన్నదే. బావి యజమాని నీళ్లు అమ్ముకునేవాడు, పైసలు లేనివాళ్లు దాహంతో ఉండేవాళ్లు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఏం చేశారు? రాత్రిపూట దొంగతనంగా బొక్కెన వేయమని ఎవరికీ చెప్పలేదు. సొంత సొమ్ముతో బావి కొని అందరికీ వక్ఫ్ చేశారు.

ఓపెన్ సాఫ్ట్‌వేర్ అంటే నాకు అర్థమైంది ఇదే. 1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. ఇద్దరూ మన దీన్ వాళ్లు కారు, కానీ చేసిన పని వక్ఫ్‌కు దగ్గరి చుట్టం. 1989లో వచ్చిన జీపీఎల్ అనే లైసెన్సు ఏం అంటుందో చూడండి. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ మార్చి పంచితే అవే హక్కులు తర్వాతివాడికీ ఇవ్వాలి. బావి చుట్టూ మళ్లీ గోడ కట్టి తాళం వేయడానికి వీల్లేదు. వక్ఫ్ జమీన్‌ను ముతవల్లీ సొంతం చేసుకోకూడదన్న షర్తు ఇట్లాంటిదే కదా. ఆ షర్తును మనం ఎంత బాగా కాపాడుకున్నామో అది వేరే కథ.

తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌తో ఇంకో ఖత్రా ఉంది. లోపల ఏం జరుగుతుందో మనకు తెలియదు. 2020 నవంబర్‌లో మదర్‌బోర్డ్ అనే పత్రిక ఒక ఖబర్ బయటపెట్టింది. కోట్లమంది డౌన్‌లోడ్ చేసుకున్న ముస్లిం ప్రో అనే నమాజ్ యాప్ నుంచి మనుషుల లొకేషన్ ఎక్స్-మోడ్ అనే దళారీ కంపెనీకి చేరుతోందని, ఆ దళారీ దగ్గర కొనేవాళ్లలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని రాసింది. ఆ దళారీతో సంబంధం తెంచుకుంటున్నామని యాప్ వాళ్లు తర్వాత ప్రకటించారు. 2024 జనవరిలో అమెరికా ట్రేడ్ కమిషన్ ఆ దళారీ కంపెనీ సున్నితమైన లొకేషన్ వివరాలు అమ్మకుండా కట్టడి చేసింది. కిబ్లా ఎటో అడిగినవాడి అడ్రస్ బజారుకు పోయింది.

అసలు నమాజ్ వేళలకు మన అడుగడుగూ ఎందుకు తెలియాలి? అది సూర్యుడి కోణాల హిసాబ్ మాత్రమే. హుజూరాబాద్ సుమారు 18.2 ఉత్తరం, 79.4 తూర్పు అని ఒక్కసారి చెప్తే చాలు, ఫోన్ సంవత్సరమంతా లెక్క వేసుకోగలదు. మస్జిద్ గోడ మీద వేలాడే వేళల కార్డు మన ఆచూకీ ఎవరికీ చెప్పదు. ఓపెన్ యాప్ అయినంత మాత్రాన అది పాక్ అని నేననను. కానీ తెలిసినవాడు తెరిచి చూసే వీలుంటుంది. మూసిన దేగ్‌లో ఏముందో వంటవాడి మాట నమ్మడమే మన పని అవుతుంది.

"ముఫ్త్‌గా వచ్చేది నిలబడుతుందా?" అని మా మామూ అడిగారు. మామూ, మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది లినక్సే. ప్రపంచంలోని అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్లు 2017 నుంచీ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి ఉబుంటు ఆధారిత సిస్టమ్ మీదే చదువుతున్నారు, వాళ్లకేం ఉద్యోగాలు ఆగిపోలేదు. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ తెలుగులో సిస్టమ్ తయారుచేసింది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చింది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఫాంటు ఎవరైనా హలాల్‌గా దించుకోవచ్చు.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఇబ్బందులూ ఉన్నాయి. ట్యాలీ మీద బతికే అకౌంటెంట్‌కు విండోస్ తప్పదు. వేలిముద్ర మెషీన్లు, డిజిటల్ సంతకం డాంగిళ్లు పెట్టుకున్న దుకాణాలు రేపే మారలేవు. అట్లాంటివాళ్లు కొని వాడుకోండి, రసీదు ఉంచుకోండి. కొనడం తప్పు కాదు. దొంగిలించడం తప్పు, ఇంకో దారే లేదనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 లాంటి షర్తులున్నాయి, పాత మెషీన్లు చాలావరకు వాటికి తూగవు. "ఈ లాప్‌టాప్ పడేసి కొత్తది కొను భాయ్" అని మీకు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పడేయకండి. మా బేటీ పాత లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేశాం. పెన్‌డ్రైవ్‌లో పెట్టి ముందు నడిపి చూసుకుని, నచ్చాకే లోపల వేశాం. చదువుకు, లిబ్రేఆఫీస్‌లో రాతకు, ఆన్‌లైన్ ఫారాలకు సరిపోతోంది.

మస్జిద్ కమిటీ పెద్దలకు, మదర్సా నాజిమ్ సాబ్‌లకు, అబ్బాలకు, అమ్మీలకు నా దర్ఖాస్తు ఇంతే. ఈ నెలలో ఒక్క కంప్యూటర్‌లోంచి క్రాక్ తీసేయండి. నికానామాలు, చందా లెక్కలు, మర్హూమ్‌ల రాతలు, ఏవి ఉన్నా యూనికోడ్‌లోకి మార్చండి. అవి మన దగ్గర ఉన్న అమానత్. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్నారు కదా, సెలవుల్లో ఆ పని వాళ్లకు అప్పజెప్పండి.

మా షజరా సంగతి అడుగుతారేమో. జమ్మికుంటలో ఫుప్పీ ఇంట్లో పాత ప్రింట్ పదకొండు పేజీలు దొరికింది. మా బేటీ కూర్చుని మళ్లీ టైప్ చేసింది. మిగతా పేజీల్లో ఉన్న దాదాలు, నానీలు, వాళ్ల ఊళ్లు పోయినట్టే. క్రాక్ కోసం వెతకమని దుకాణపాయన మళ్లీ ఫోన్ చేశాడు. వద్దని చెప్పాను.

మీ ఇంట్లో కూడా అట్లాంటి సీడీ ఒకటి ఉండే ఉంటుంది. వెతకండి. అల్లాహ్ మన అమానత్‌లను హిఫాజత్‌లో ఉంచు గాక. ఆమీన్.