గవ్వల కాంచళి, కెరటాల చొక్కా

నారాయణఖేడ్ నుంచి ఎటు బయల్దేరినా మూడు వందల కిలోమీటర్లు దాటితే గానీ సముద్రం తగలదు. కానీ ఖేడ్ చుట్టుపక్కల లంబాడీ తండాల్లో ముసలమ్మల చేత పెట్టె తెరిపిస్తే కాంచళి (రవిక) అంచున, టుక్రి (ఓణీ) కొసన వరసగా కుట్టిన గవ్వలు కనిపిస్తాయి. ఒకప్పుడు మాల్దీవుల నుంచి ఓడల్లో దిగి మన దేశంలో చిల్లర డబ్బుగా చెల్లిన జాతి గవ్వలవి. ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం మోసిన బంజారాల (లంబాడీల) చేతికి గవ్వ రావడంలో వింతేమీ లేదు. వింతల్లా చెల్లే డబ్బును బట్టకు కుట్టి ఒంటిమీద వేసుకోవడంలోనే ఉంది.

ఇప్పుడు అవే గవ్వలు, అవే అద్దపు బిళ్లలు సర్ఫింగ్ పేరుతో బట్టలమ్మే దుకాణాల్లో బీచ్ గౌన్లకూ సంచులకూ ఎక్కాయి. కెరటాల మీద పలకేసుకుని తేలేవాడికి కావలసింది ఒక నిక్కరు. మిగతా దుకాణమంతా నీళ్లలో దిగని మనబోటి వాళ్ల కోసమే.

ఈ దుస్తుల పుట్టుకలోనూ సముద్రం పాలు తక్కువే. హవాయి చొక్కాలు మొదట్లో జపాన్ యుకాతా గుడ్డతో కుట్టేవారు. 1930ల్లో హొనొలులులో వాటిని 'అలోహా' పేరుతో అమ్మినవాడు ఎలరీ చన్ అనే చైనా సంతతి వ్యాపారి. పాటల బృందం బీచ్ బాయ్స్ తొలి పేరు పెండిల్‌టోన్స్. కాలిఫోర్నియా సర్ఫర్లు ఇష్టపడిన పెండిల్‌టన్ ఉన్ని చొక్కాల మీద పెట్టుకున్న పేరది. ఇక మద్రాసు గళ్ల గుడ్డ మనింటి సంగతి. 1958లో అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ అమ్మిన ఆ గుడ్డ ఉతికితే రంగు దిగిందని గొడవైందట. రంగు కారడమే అసలు సరుకు లక్షణమని ప్రకటనలు వేసి ఆ గొడవనే లాభం చేసుకున్నారని వ్యాపారులు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. ఆ కథలో దిగుమతిదారు ఉన్నాడు, దుకాణం ఉంది, నేసినవాడే లేడు. చీరాల మగ్గాల మీద నేసిన మద్రాసు రుమాళ్లు తరతరాలుగా పశ్చిమాఫ్రికాకు ఓడలెక్కాయి. ఆ నేతగాళ్ల పేర్లూ ఏ కథలోనూ లేవు.

గవ్వల బట్ట బీచికి చేరిన దారి గోవా. హిప్పీల కాలం నుంచి అంజునా సంతలో ఉత్తర కర్ణాటక లంబాడీ స్త్రీలు ఇసుక మీద గుడ్డ పరిచి అద్దాల సంచులు, పాత కాంచళి ముక్కలు అమ్ముతున్నారు. తల్లి పెళ్లి బట్టను కోస్తే రెండు దిండు గలీబులు, ఒక సంచి. కొన్న విదేశీయులు వాటిని దేశానికి పట్టుకెళ్లారు. డిజైనర్లు చూశారు. ఆ తర్వాత మిషన్ మీద అచ్చు గవ్వలు, ప్లాస్టిక్ అద్దాలు. ఎరువు తెచ్చుకోవడం తప్పని నేను అనను. బంజారా కుట్టు కూడా దారిపొడవునా ఎందరి దగ్గరో నేర్చిందే. నా తగువు బట్ట మీద వేసే పేరు చీటీ దగ్గర, కూలి దగ్గర.

2025లో ఫ్యాషన్ కంపెనీ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో కొల్హాపురీలను పోలిన చెప్పులు నడిచాయి, కొల్హాపూర్ మాట లేకుండా. ఇక్కడ అల్లరయ్యాకే కంపెనీ ఆ చెప్పులకు మూలం భారత్ అని ఒప్పుకుంది. మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాల కొల్హాపురీ చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు ఉండబట్టి చర్మకారులకు మాట్లాడే బలం వచ్చింది. లంబాడీ కుట్టుకూ అలాంటి గుర్తింపు ఉంది, కర్ణాటకలోని సండూరు పేరు మీద. అక్కడ ఒక కళాకేంద్రం స్త్రీలను కూడగట్టింది. 2023లో జీ-20 సమావేశాలకు హంపిలో 450 మందికి పైగా కుట్టిన 1,755 ముక్కలు ప్రదర్శించి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. ఆ భౌగోళిక గుర్తింపు మాత్రం సండూరు సరిహద్దు దాటి మనదాకా రాదు.

మన తండాల్లో జనం చెరకు కొట్టడానికి, హైదరాబాద్ అడ్డాల మీద నిలబడడానికి వలసపోతారు. కాంచళి తీజ్ పండక్కో పెళ్లికో బయటికొస్తుంది. కుట్టు తెలిసిన చేతులు కొడవలి పడుతున్నాయంటే కుట్టుకు గిట్టుబాటు లేకనే. రేపు ఏ బీచ్ దుస్తుల కంపెనీవాడో కెమెరా పట్టుకుని తండాకొస్తే, ముసలమ్మ ఫొటో తీసే ముందు మూడింటికి జవాబు చెప్పాలి: ముక్కకు కాక గంటకు ఎంత ఇస్తావు, చీటీ మీద తండా పేరు వేస్తావా, అదే నమూనా మళ్లీ కుట్టించుకుంటే మళ్లీ డబ్బిస్తావా. అడగడానికి వీలుగా తండా స్త్రీలకు ఒక సంఘం ఉండాలి. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం అలాంటి సంఘం గుర్తింపుకు దరఖాస్తు కూడా పెట్టగలదు.