పోటీపై ఆండీ గ్రోవ్ అభిప్రాయాలు

ఆండీ గ్రోవ్ (1936 - 2016) హంగరీలో జన్మించిన అమెరికా ఇంజనీరు. చిప్పుల తయారీ సంస్థ ఇంటెల్‌కు 1987 నుండి 1998 వరకు ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్నాడు. విజయం వల్ల కలిగే ధీమా పోటీదారులకంటే ప్రమాదకరమని ఇతని అభిప్రాయం. వ్యాపారపు పునాదులే మారిపోయే దశను 1996 నాటి తన పుస్తకంలో "వ్యూహాత్మక మలుపు" అన్నాడు. దానిని ముందుగా పసిగట్టేది పై అధికారులు కాదని, కొనుగోలుదారులతో నిత్యం మెలిగే సిబ్బంది అని వాదించాడు.

ఈ ఆలోచనకు మూలం 1985 నాటి సంక్షోభం. ఇంటెల్‌కు పేరు తెచ్చినవి మెమరీ చిప్పులు. జపాను సంస్థలు మరింత నాణ్యమైన చిప్పులను చౌకగా అమ్మసాగాయి. తమ ఇద్దరినీ తొలగిస్తే కొత్తగా వచ్చే అధికారి ఏమి చేస్తాడని గ్రోవ్ అప్పటి సంస్థ అధిపతి గోర్డన్ మూర్‌ను అడిగాడు. మెమరీ వ్యాపారాన్ని వదిలేస్తాడని మూర్ బదులిచ్చాడు. ఆ పనిని వారే చేశారు. ఈ సంభాషణకు లభించినంత ప్రచారం మరొక విషయానికి లభించలేదు: ఎక్కువ లాభమిచ్చే చిప్పులకే కర్మాగారంలో ముందు చోటు అనే నియమం వల్ల ఉత్పత్తి అప్పటికే చాలావరకు మైక్రోప్రాసెసర్ల వైపు మళ్ళింది. మార్పుకు చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు. 1986లో సంస్థ 17.3 కోట్ల డాలర్లు నష్టపోయింది. వేలమంది ఉపాధి కోల్పోయారు.

లాభానికే పెద్దపీట వేసే ఆ ధోరణే తరువాత ఇంటెల్‌ను దెబ్బతీసిందని చెప్పవచ్చు. తొలి ఐఫోన్‌కు (2007) చిప్పు తయారుచేసే అవకాశాన్ని, ధర గిట్టుబాటు కాదని అప్పటి అధిపతి పాల్ ఒటెల్లిని వదులుకున్నాడు. ఆ ఖర్చు అంచనా తప్పని 2013లో అతడే అంగీకరించాడు. ఇతర కారణాలూ తోడై 2024లో ఇంటెల్ నష్టం 1,880 కోట్ల డాలర్లకు చేరింది. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం సంస్థలో సుమారు 10 శాతం వాటా తీసుకుంది.